కూలిపోని బిల్డ్‌తోనే చిక్కు: హామ్ సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ వెర్షన్లు వాడేవాళ్ల కోసం

డెవలప్‌మెంట్ వెర్షన్ (ఇంకా తయారీలోనే ఉన్న వెర్షన్) వేస్తే ప్రోగ్రామ్ మధ్యలో కూలిపోతుందేమోనని చాలామంది హామ్‌లు (లైసెన్సు ఉన్న ఔత్సాహిక రేడియో ఆపరేటర్లు) జంకుతారు. కూలిపోతే నయమే. తేడా ఉందని మొహం మీదే చెప్పేసింది, పాత వెర్షన్ తెరుచుకుని పని చూసుకుంటాం. ఏడిపించేది కూలిపోని బిల్డ్ (కోడ్ నుంచి తయారుచేసిన ప్రోగ్రామ్ కాపీ). అంతా సవ్యంగా నడుస్తున్నట్టే ఉంటుంది గానీ పీటీటీ (రేడియోని ట్రాన్స్‌మిట్‌లో పెట్టే మీట) వదలదు. లేదా సెట్టింగుల ఫైలును తన పద్ధతిలో తిరగరాసి పాత వెర్షన్ చదవలేకుండా చేస్తుంది. లేదా మన సిగ్నల్‌ని అవతల ఎవరూ డీకోడ్ చేయలేరు, ఇక్కడ పవర్ మీటర్ మాత్రం బాగానే ఊగుతుంటుంది. మామూలు సాఫ్ట్‌వేర్‌లో బగ్ వస్తే నష్టం మన కంప్యూటర్ దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ అది బ్యాండ్ మీదికి వెళ్తుంది. లైసెన్సు మన పేరున ఉంది కాబట్టి జవాబు చెప్పుకోవాల్సింది మనమే, కోడ్ రాసినవాళ్లు కాదు.

బెంగళూరులో వీయూ2, వీయూ3తో మొదలయ్యే భారతీయ కాల్‌సైన్లున్న మన తెలుగువాళ్లలో చాలామందికి గిట్, సీమేక్ (కోడ్ మార్పులు దాచే, బిల్డ్ చేసే పనిముట్లు) ఆఫీసులో రోజూ ఉండే సరుకే. ఆఫీసులో ప్రొడక్షన్ సర్వర్ మీద నైట్లీ బిల్డ్ (రోజూ ఆటోమేటిక్‌గా తయారయ్యేది) పెట్టమంటే ఒప్పుకోరు. మారతహళ్లిలో ఇంటికొచ్చాక మాత్రం రిగ్‌కి (రేడియో సెట్టుకి) కట్టిన ఒకే ఒక్క కంప్యూటర్‌లో తడుముకోకుండా మేక్ ఇన్‌స్టాల్ కొట్టేస్తారు. ఆఫీసు జాగ్రత్తలో సగం ఇక్కడ చూపిస్తే చాలు.

ఎప్పుడు వేయాలి

కొత్త హార్డ్‌వేర్ కొన్నప్పుడు డెవలప్‌మెంట్ వెర్షన్ తప్పకపోవచ్చు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ4 డాంగిల్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న రిసీవర్) 2023లో వచ్చినప్పుడు జరిగింది అదే. అప్పటి డిస్ట్రో (లినక్స్ పంపిణీ) ప్యాకేజీలో ఉన్న పాత డ్రైవర్‌కి దానిలోని ఆర్828డీ ట్యూనర్ చుట్టూ ఉన్న కొత్త అమరిక తెలియదు. డాంగిల్ గుర్తుపడుతుంది, వాటర్‌ఫాల్ (సిగ్నళ్లు పారుతున్నట్టు చూపే తెర) కదులుతుంది, స్టేషన్లు మాత్రం దొరకవు. డాంగిల్ చెడిపోయిందనుకుని ఎస్‌పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారుకి పరుగెత్తే ముందు పాత లిబ్‌ఆర్‌టీఎల్ఎస్‌డీఆర్ ప్యాకేజీని పూర్తిగా తీసేసి, ఆ డాంగిల్ తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ని సోర్స్ నుంచి బిల్డ్ చేయాలి. యూడెవ్ రూల్స్ (పరికరాన్ని వాడే అనుమతులు) ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్, కెర్నల్ డ్రైవర్‌ని విడదీసే ఆప్షన్, రెండూ సీమేక్‌లో ఆన్‌లో ఉండాలి. కెర్నల్‌లోని టీవీ డ్రైవర్ డీవీబీ-యూఎస్‌బీ-ఆర్‌టీఎల్28ఎక్స్ఎక్స్‌యూని బ్లాక్‌లిస్టులో పెట్టాలి. పాత లైబ్రరీ ఒక్క కాపీ మిగిలినా ప్రోగ్రామ్ దాన్నే పట్టుకోవచ్చు.

కొత్త ప్రోటోకాల్ రెండో కారణం. 2024 ఆగస్టులో జార్విస్ దీవి నుంచి ఎన్5జే డీఎక్స్‌పెడిషన్ (అరుదైన చోటికి వెళ్లి రేడియో నడిపే యాత్ర) సూపర్‌ఫాక్స్ మోడ్ వాడింది. ఒకేసారి తొమ్మిది స్టేషన్లకు జవాబిచ్చే ఆ మోడ్ అప్పటికి డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ (బలహీన సిగ్నళ్ల డిజిటల్ మోడ్‌ల ప్రోగ్రామ్) 2.7.0 రిలీజ్ క్యాండిడేట్లలోనే (ఆర్‌సీలు: విడుదలకు ముందు పరీక్షకిచ్చేవి) ఉంది. స్థిర వెర్షన్ పట్టుకు కూర్చున్నవారికి ఆ సిగ్నల్ వాటర్‌ఫాల్‌లో 1512 హెర్ట్జ్ వెడల్పు పట్టీలా కనిపించిందే తప్ప డీకోడ్ కాలేదు. అలాంటప్పుడు ఆర్‌సీ వేయడం సాహసమేమీ కాదు, అవసరం.

మూడోది, మీ రిగ్‌కి సంబంధించిన బగ్ సరిచేశామని ఛేంజ్‌లాగ్‌లో స్పష్టంగా రాసి ఉండటం. ఈ మూడూ కాకుండా "కొత్తది కదా, ఏదో బాగుండే ఉంటుంది" అనేది కారణం కాదు. కాంటెస్టుకి ముందు శుక్రవారం రాత్రి అయితే అసలే కాదు.

వెర్షన్ పేరు వెనక

ఆల్ఫా, బీటా, ఆర్‌సీ, నైట్లీ, మాస్టర్ అనే పేర్లకు అన్ని ప్రాజెక్టుల్లోనూ ఒకే అర్థం లేదు. డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో ఆర్‌సీ అంటే రచయితలు జనంతో పరీక్షించాలనుకుని ఇచ్చింది, 2.0, 2.1 కాలపు ఆర్‌సీలు ఒక తేదీ దాటాక పనిచేయకుండా గడువు పెట్టి మరీ ఇచ్చారు. ఎస్‌డీఆర్++ (రిసీవర్ ప్రోగ్రామ్) నైట్లీ అంటే రిపాజిటరీలో ఆ రోజు ఉన్న కోడ్ ఆటోమేటిక్‌గా బిల్డ్ అయింది, అంతే. చిర్ప్‌లో (రేడియో మెమరీలు నింపే ప్రోగ్రామ్) తేదీ పేరుతో వచ్చే బిల్డే అందరూ వాడే వెర్షన్, వేరే "స్థిర" వెర్షన్ కోసం వెతకడం దండగ. డైర్‌వుల్ఫ్‌లో (ప్యాకెట్ రేడియో ప్రోగ్రామ్) డెవ్ బ్రాంచ్ అని విడిగా ఉంటుంది. కాబట్టి పేరు చూసి ధైర్యపడొద్దు, పేరు చూసి భయపడొద్దు. చూడాల్సింది ఒక్కటే: ఈ మార్పు నా కంప్యూటర్‌కే పరిమితమా, సిగ్నల్ ఆకృతినే మార్చేదా?

సిగ్నల్ మారే సందర్భాలు నిజంగానే వచ్చాయి. ఎఫ్‌టీ8 (15 సెకన్ల వంతుల డిజిటల్ మోడ్) సందేశం మొదట్లో 75 బిట్లు. 2018 డిసెంబరులో వచ్చిన డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ 2.0తో 77 బిట్లయింది. ఆ రెండూ ఒకదానికొకటి అర్థం కావు. ఎఫ్‌టీ4 (దానికంటే వేగమైన మోడ్) అయితే ఇంకా స్పష్టం: 2019 వసంతంలో 2.1.0 తొలి ఆర్‌సీలలో దాని సైకిల్ 6 సెకన్లు, కొద్ది వారాల్లో ఆర్‌సీ7 వచ్చేసరికి 7.5 సెకన్లు. రెండు ఆర్‌సీలు వాడే ఇద్దరు పక్కపక్క ఫ్లాట్లలో ఉన్నా ఒకరికొకరు వినపడరు. అందుకే కొత్త మోడ్ ఉన్న ఆర్‌సీ వేస్తే, తర్వాతి ఆర్‌సీ వచ్చిన రోజే మారిపోవాలి. పాత ఆర్‌సీలో ఉండిపోవడం స్థిర వెర్షన్‌లో ఉండిపోవడం కంటే చెడ్డది.

రెండూ పక్కపక్కన

స్థిర వెర్షన్‌ని తీసేసి దాని స్థానంలో డెవలప్‌మెంట్ వెర్షన్ పెట్టడమే మొదటి తప్పు. రెండూ ఉండాలి, రెండిటి సెట్టింగులూ వేరుగా ఉండాలి.

డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌ని రిగ్-నేమ్ ఆప్షన్‌తో, ఉదాహరణకు టెస్ట్ అనే పేరుతో, మొదలుపెడితే అది తన ఐఎన్ఐ (సెట్టింగుల) ఫైలూ డేటా ఫోల్డరూ ఆ పేరు మీద విడిగా సృష్టించుకుంటుంది. లాగ్, ఆల్ టెక్స్ట్ ఫైలు (డీకోడ్‌లన్నిటి చిట్టా), రికార్డింగులు అన్నీ అందులోకే వెళ్తాయి. చాలామంది ఈ ఆప్షన్‌ని రెండు రిగ్‌లు ఉన్నవాళ్లకే అనుకుంటారు. రెండు వెర్షన్లు ఉన్నవాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది. ఒకే పేరుతో రెండు కాపీలు తెరవబోతే లాక్ ఫైలు అడ్డుపడుతుంది, పేర్లు వేరైతే హాయిగా రెండూ నడుస్తాయి. కొత్త కాన్ఫిగరేషన్ కాబట్టి కాల్‌సైన్, గ్రిడ్ (మనమున్న చోటుని చెప్పే కోడ్) మళ్లీ ఇవ్వాలి. బెంగళూరువాళ్లు ఇక్కడ కాస్త చూసుకోవాలి: 13 డిగ్రీల ఉత్తర అక్షాంశ రేఖ నగరం మీదుగానే పోతుంది. జయనగర్, మారతహళ్లి, ఎలక్ట్రానిక్ సిటీ ఎంకే82లో ఉంటే హెబ్బాళ్, యలహంక ఎంకే83లో ఉన్నాయి. స్నేహితుడి ఐఎన్ఐ ఫైలు కాపీ కొట్టుకుంటే అతని గ్రిడ్‌తో సహా వస్తుంది.

యూడీపీ పోర్టు 2237 (ప్రోగ్రాములు ఒకదానికొకటి సమాచారం పంపుకునే దారి) సంగతి మర్చిపోతుంటారు. గ్రిడ్‌ట్రాకర్ మ్యాప్, లాగర్లు (సంభాషణల చిట్టా రాసేవి) వంటివన్నీ ఆ పోర్టు మీదే వింటుంటాయి. రెండు వెర్షన్లూ దానికే పంపితే పరీక్ష కోసం చేసిన ఉత్తుత్తి క్యూఎస్‌ఓలు (రేడియో సంభాషణలు) అసలు లాగ్‌లోకి చేరిపోతాయి, అక్కడినుంచి ఆటోమేటిక్‌గా అప్‌లోడ్ కూడా అయిపోతాయి. టెస్ట్ కాపీకి 2238 లాంటి వేరే పోర్టు ఇవ్వండి.

ఎఫ్ఎల్‌డిజి అనే డిజిటల్ మోడ్ ప్రోగ్రామ్‌కి కాన్ఫిగ్-డిర్ అనే ఆప్షన్ ఉంది, దాంతో వేరే ఫోల్డర్ చూపించొచ్చు. డేటాబేస్‌లో లాగ్ దాచే ప్రోగ్రాములతో మరీ జాగ్రత్త: కొత్త వెర్షన్ మొదటిసారి తెరిచినప్పుడే డేటాబేస్ నిర్మాణాన్ని మార్చేస్తుంది, ఆ తర్వాత పాత వెర్షన్ దాన్ని తెరవలేదు. వెనక్కి వచ్చే దారి ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల: తెరిచే ముందే లాగ్ మొత్తాన్ని ఏడీఐఎఫ్‌గా (లాగర్లన్నీ చదవగల ఫైలుగా) ఎక్స్‌పోర్ట్ చేసి, డేటాబేస్ ఫైలునీ కాపీ చేసి, రెండిటినీ ఆ కంప్యూటర్ బయట పెట్టండి.

హామ్‌లిబ్

కంప్యూటర్ నుంచి రిగ్‌ని నడిపే లైబ్రరీ హామ్‌లిబ్. రిగ్ కంట్రోల్ సమస్యల్లో ఎక్కువ భాగం ఈ లైబ్రరీ దగ్గరే తేలతాయి, కాబట్టి జనం ఎక్కువగా డెవలప్‌మెంట్ వెర్షన్ వేసేదీ దీన్నే. సిస్టమ్‌లో ఇప్పటికే ఒక హామ్‌లిబ్ ఉంటుంది. యూజర్-లోకల్‌లో ఇంకొకటి వేస్తే ఏ ప్రోగ్రామ్ దేన్ని పట్టుకుంటుందో చెప్పలేం. "అన్‌డిఫైన్డ్ సింబల్" అనే ఎర్రర్ చాలాసార్లు ఈ గందరగోళం వల్లే.

పద్ధతి ఇది. సోర్స్ తెచ్చుకుని బూట్‌స్ట్రాప్ స్క్రిప్ట్ నడపాలి, దానికి ఆటోకాన్ఫ్, ఆటోమేక్, లిబ్‌టూల్ ఉండాలి. కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా ఆప్ట్ కింద హామ్‌లిబ్-డెవ్ లాంటి సొంత ఫోల్డర్ ఇవ్వాలి. ఇన్‌స్టాల్ అయ్యాక ఎల్‌డీకాన్ఫిగ్ (సిస్టమ్ మొత్తానికి లైబ్రరీల జాబితా రాసే కమాండ్) జోలికి పోకుండా, పరీక్షించే టెర్మినల్‌లో మాత్రమే లైబ్రరీ పాత్ వేరియబుల్‌ని ఆ ఫోల్డర్‌కి పెట్టాలి. తర్వాత ఎల్‌డీడీ కమాండ్‌తో రిగ్‌సీటీఎల్ (హామ్‌లిబ్‌తో వచ్చే రిగ్ కంట్రోల్ ప్రోగ్రామ్) నిజంగా ఏ లైబ్రరీని లింక్ చేసుకుంటోందో కళ్లారా చూడాలి. ఈ చివరి అడుగు వదిలేసి గంటలు గంటలు పాత కోడ్‌నే పరీక్షించేవాళ్లు కోకొల్లలు.

రిగ్ మోడల్ నంబర్లు హామ్‌లిబ్ 4తో మారాయి. పాత స్క్రిప్టులో ఎఫ్‌టీ-817కి 120 అని ఉంటే ఇప్పుడు 1020. ఐసీ-7300కి 373 పోయి 3073 అయింది. పాత నంబరుతో "రిగ్ సపోర్ట్ లేదు" అని వస్తే అది బగ్ కాదు.

డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ బైనరీ ప్యాకేజీ తన సొంత హామ్‌లిబ్‌ని కలుపుకుని వస్తుంది. మీరు కొత్త హామ్‌లిబ్ ఎంత శ్రద్ధగా బిల్డ్ చేసినా దానికి తెలియదు. మొత్తం మళ్లీ బిల్డ్ చేయకుండా దారి ఒకటుంది: కొత్త హామ్‌లిబ్‌లోని రిగ్‌సీటీఎల్‌డీని (రిగ్‌సీటీఎల్ సర్వర్ రూపాన్ని) నడిపి, డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్‌లో రిగ్‌గా హామ్‌లిబ్ నెట్ రిగ్‌సీటీఎల్ ఎంచుకుని, లోకల్‌హోస్ట్ పోర్టు 4532 ఇవ్వండి. రిగ్‌తో మాట్లాడేది కొత్త లైబ్రరీ, పైన ఉన్న ప్రోగ్రామ్ స్థిర వెర్షన్. తేడా ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. విండోస్‌లో అయితే బిన్ ఫోల్డర్‌లోని లిబ్‌హామ్‌లిబ్-4 డీఎల్ఎల్‌కి పేరు మార్చి దాచి, కొత్తది అక్కడ పెట్టొచ్చు. రిగ్ లేకుండా లాగర్‌ని మాత్రమే చూడాలంటే మోడల్ నంబర్ 1, డమ్మీ రిగ్, సరిపోతుంది.

బిల్డ్ చేసేటప్పుడు

డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ సోర్స్‌కి జీఫోర్‌ట్రాన్, క్యూటీ, సింగిల్ ప్రెసిషన్ ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ, బూస్ట్ అన్నీ కావాలి. డాక్యుమెంటేషన్, మాన్ పేజీలు తయారుచేయొద్దని సీమేక్ ఆప్షన్లలో చెప్పేస్తే ఆస్కీడాక్టర్ గొడవ తప్పుతుంది.

రాస్ప్‌బెర్రీ పై మీద నాలుగు కోర్లూ వాడదామని సమాంతర జాబ్‌లు నాలుగు ఇస్తే, 1 జీబీ మెమరీ ఉన్న బోర్డులో కంపైలర్ "కిల్డ్" అని ఆగిపోతుంది. కోడ్ తప్పు కాదు, మెమరీ అయిపోయి కెర్నల్ చంపేసింది. జాబ్‌లు ఒకటికి తగ్గించి, స్వాప్ పెంచి వదిలేయండి. ఆలస్యమవుతుంది, కానీ పూర్తవుతుంది.

మన ఊళ్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లలో బిల్డ్ మధ్యలో ఆగితే, సగం రాసిన లేదా ఖాళీ ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగులుతాయి. మళ్లీ మేక్ కొడితే అది వాటిని పూర్తయినవిగానే అనుకుంటుంది, చివర లింక్ దశలో "ఫైల్ ట్రంకేటెడ్" అంటుంది. బిల్డ్ ఫోల్డర్ మొత్తం చెరిపేసి మొదటినుంచి చేయడమే మందు. గిట్ "ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ" అంటే రిపాజిటరీనే మళ్లీ క్లోన్ చేసుకోండి, బాగుచేయాలని కూర్చోవద్దు.

గాలిలోకి పంపకముందు

బిల్డ్ అయింది, తెరుచుకుంది. ఇల్లలకగానే పండగ కాదు.

డీకోడర్‌ని పరీక్షించడానికి రిగ్ అక్కర్లేదు. స్థిర వెర్షన్‌లో సేవ్ మెనూలో సేవ్ ఆల్ పెట్టి, సాయంత్రం 14.074 మెగాహెర్ట్జ్ మీద ఓ గంట వదిలేయండి. ప్రతి 15 సెకన్లకూ 12 కిలోహెర్ట్జ్, 16 బిట్ మోనో వేవ్ ఫైలు ఒకటి పడుతుంది, ఒక్కోటి 360 కిలోబైట్లు. గంటకు 240 ఫైళ్లు, 86 మెగాబైట్లు. ఇప్పుడు రెండు వెర్షన్లలోని జేటీ9 (డీకోడ్ చేసే) ప్రోగ్రామ్‌లను కమాండ్ లైన్ నుంచి ఎఫ్‌టీ8 మోడ్, డెప్త్ 3తో అవే ఫైళ్ల మీద నడిపి అవుట్‌పుట్‌లు పోల్చండి. "ఈ వెర్షన్ ఎక్కువ డీకోడ్ చేస్తోంది" అని బ్యాండ్ మీద చూసి చెప్పే మాటలకు విలువ లేదు, ప్రొపగేషన్ (సిగ్నల్ ప్రయాణం) నిమిషానికోలా ఉంటుంది. ఫైళ్లు మారవు.

లెక్క పెరిగిందని సంబరపడే ముందు అదనంగా వచ్చినవేమిటో చదవండి. ఎక్కడా లేని కాల్‌సైన్ ప్రిఫిక్సులు, సముద్రం మధ్య గ్రిడ్లు కనిపిస్తే అవి దొంగ డీకోడ్‌లు. డీకోడర్‌ని వదులు చేస్తే నిజమైనవాటితో పాటు ఇవీ పెరుగుతాయి. అన్నట్టు ఆర్ఆర్73 కూడా ఒక గ్రిడ్డే, ఆర్కిటిక్ సముద్రంలో ఉంది. "రోజర్, 73" (అందింది, శుభాకాంక్షలు) అనే అర్థంతో వచ్చిన సందేశాన్ని గ్రిడ్ అనుకుని మ్యాప్‌లో అక్కడ చుక్కపెట్టే ప్రోగ్రామ్ కనపడితే నవ్వుకుని బగ్ రిపోర్టు రాయండి. ప్యాకెట్ వైపు వాళ్లకు డైర్‌వుల్ఫ్‌తో వచ్చే ఏటెస్ట్ ఇదే పని చేస్తుంది.

ట్రాన్స్‌మిట్ వైపు కూడా మొదటి పరీక్ష కంప్యూటర్ లోపలే. లినక్స్‌లో పల్స్‌ఆడియో లేదా పైప్‌వైర్ మీద పీఏసీటీఎల్‌తో నల్ సింక్ (ఉత్తుత్తి స్పీకర్) మాడ్యూల్ లోడ్ చేయండి. టెస్ట్ వెర్షన్ ఆడియో అవుట్‌పుట్‌ని ఆ సింక్‌కి ఇవ్వండి. స్థిర వెర్షన్ ఇన్‌పుట్‌గా దాని మానిటర్‌ని ఎంచుకోండి. రిగ్ "నన్", పీటీటీ "వాక్స్". టెస్ట్ వెర్షన్ సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) పిలిస్తే స్థిర వెర్షన్‌లో అక్షరం పొల్లుపోకుండా డీకోడ్ అవ్వాలి, డీటీ (సమయం తేడా) సున్నాకి దగ్గర్లో ఉండాలి. డీటీ సెకను పక్కకు జరిగిందంటే ఆడియో బఫర్ల దగ్గర ఏదో మారింది. ఇక్కడ డీకోడ్ కాని సిగ్నల్ బ్యాండ్ మీద మాత్రం ఎలా అవుతుంది?

ఆ తర్వాతే డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించి, పవర్‌ని వేడిగా మార్చేది). కొనకపోయినా పర్లేదు: ఎస్‌పీ రోడ్డులో 1 కిలో ఓమ్, 2 వాట్ల కార్బన్ లేదా మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు ఇరవై తెచ్చి సమాంతరంగా అతికితే 50 ఓమ్‌లు, 40 వాట్ల లోడ్ అవుతుంది. వైర్‌వౌండ్ రకం ఇస్తే తీసుకోవద్దు, లోపల చుట్టిన తీగకు ఇండక్టెన్స్ ఉంటుంది. ఎఫ్‌టీ8 ప్రతి 15 సెకన్ల వంతులో 12.64 సెకన్లు పూర్తి పవర్‌తో పంపుతుంది కాబట్టి 10 వాట్లు దాటనివ్వకండి. పక్కన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్‌కి చిన్న తీగ ముక్క తగిలించి, స్థిర వెర్షన్‌తో డీకోడ్ చేస్తూ వాటర్‌ఫాల్ చూడండి. సిగ్నల్ 50 హెర్ట్జ్ వెడల్పులో శుభ్రంగా ఉందా, పక్కన నకళ్లు కనిపిస్తున్నాయా అన్నది అక్కడే తెలుస్తుంది. నకళ్లు ఉంటే ముందు ఆడియో లెవెల్ తగ్గించి చూడండి. కొత్త ఐఎన్ఐ ఫైలుతో పవర్ స్లైడర్ పైదాకా ఉండి ఏఎల్‌సీని (రిగ్ పవర్‌ని అదుపు చేసే సర్క్యూట్‌ని) తన్నడం చాలా మామూలు.

పీటీటీ ఎలా ఇవ్వాలి

స్థిర వెర్షన్‌తో క్యాట్ (కంప్యూటర్ కమాండ్లతో రిగ్‌ని నడపడం) పీటీటీ సౌకర్యమే. నమ్మకం కుదరని బిల్డ్‌తో మాత్రం అది చెడ్డ ఎంపిక. క్యాట్‌లో "ట్రాన్స్‌మిట్ ఆన్" ఒక కమాండ్, "ఆఫ్" ఇంకో కమాండ్. మధ్యలో ప్రోగ్రామ్ చస్తే ఆఫ్ చెప్పేవాళ్లే ఉండరు, రిగ్ అలాగే క్యారియర్ మోస్తూ ఉంటుంది. సీరియల్ పోర్టులోని ఆర్‌టీఎస్ లైన్‌తో పీటీటీ ఇస్తే, ప్రోగ్రామ్ చచ్చినప్పుడు కెర్నల్ పోర్టును మూసి లైన్ దించేస్తుంది. వాక్స్ అయితే ఆడియో ఆగగానే దానంతట అదే వదులుతుంది.

రెండిటికీ మెలికలున్నాయి. లినక్స్‌లో పోర్టు తెరిచిన క్షణంలో ఆర్‌టీఎస్, డీటీఆర్ లైన్లు ఒక్కసారి పైకి లేస్తాయి, రిగ్ క్లిక్‌మని కీ అవుతుంది. వాక్స్‌తో అయితే సిస్టమ్ శబ్దాలన్నీ బ్యాండ్ మీదికి పోతాయి, మెసేజ్ వచ్చిన టింగ్‌తో సహా. కాబట్టి రిగ్ సౌండ్ కార్డును డీఫాల్ట్ పరికరంగా ఉంచొద్దు.

ఏ పద్ధతైనా మూడు కాపలాలు పెట్టండి: డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ వాచ్‌డాగ్ టైమర్‌ని (గడువు దాటితే ట్రాన్స్‌మిట్ ఆపేదాన్ని) తగ్గించడం, రిగ్ మెనూలోని టైమ్-ఔట్ టైమర్‌ని అది ఇచ్చే కనీస విలువకి పెట్టడం, 13.8 వోల్టుల సప్లై స్విచ్ కూర్చున్నచోటునుంచి చేతికి అందేలా ఉంచడం. సాఫ్ట్‌వేర్‌లోని వాచ్‌డాగ్ సాఫ్ట్‌వేర్ బతికున్నంతవరకే కాపలా కాస్తుంది. రిగ్‌లోనిదే అసలు కాపలా. టెస్ట్ వెర్షన్‌ని రిమోట్‌గా ఆఫీసు నుంచి నడపడం నా దృష్టిలో తప్పు, ఎన్ని టైమర్లున్నా సరే.

బగ్గా, ఆర్ఎఫ్ఫా?

బాల్కనీలో ఎండ్-ఫెడ్ తీగ యాంటెన్నా, రెండు మీటర్ల దూరంలో కంప్యూటర్. ట్రాన్స్‌మిట్ కాగానే క్యాట్ తెగిపోతుంది, యూఎస్‌బీ ఊడి మళ్లీ తగులుతుంది, ప్రోగ్రామ్ "రిగ్ కంట్రోల్ ఎర్రర్" అంటుంది. కొత్త బిల్డ్ వేసిన రోజే ఇది కనిపిస్తే నింద బిల్డ్ మీదే పడుతుంది. అపార్ట్‌మెంట్లలో ఇలాంటి రిపోర్టుల్లో చాలావాటికి కారణం యూఎస్‌బీ కేబుల్ మీద పాకే ఆర్ఎఫ్ (మన ట్రాన్స్‌మిటర్ రేడియో శక్తే). తేల్చుకోవడం సులువు: యాంటెన్నా విప్పి డమ్మీ లోడ్ పెట్టి అదే పవర్‌తో అదే పని చేయండి. డమ్మీ లోడ్‌తో తప్పు మాయమైతే కోడ్‌ని వదిలేసి, కేబుల్ రెండు చివర్లా క్లిప్-ఆన్ ఫెరైట్‌లు వేసి, ఫీడ్‌లైన్‌కి చోక్ కట్టండి. డమ్మీ లోడ్‌తోనూ తప్పు వస్తే అప్పుడు బిల్డ్‌ని అనుమానించొచ్చు.

ఇంకో దొంగ ఉబుంటు 22.04లో ఉంది. అంధుల బ్రెయిలీ పరికరాల కోసం ఉన్న బీఆర్ఎల్‌టీటీవై సర్వీసు, సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ని బ్రెయిలీ పరికరమనుకుని లాగేసుకుంటుంది. పోర్టు కనిపించి మాయమవుతుంది. ఆ సర్వీసు మీకు అవసరం లేకపోతే తీసేయండి. యూజర్‌ని డయల్‌ఔట్ గ్రూపులో చేర్చారో లేదో కూడా చూడండి.

గడియారం

విండోస్, లినక్స్ రెండూ ఒకే మెషీన్‌లో ఉన్నవాళ్లకు ఇది. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో స్థానిక సమయం ఉంటుందనుకుంటుంది, లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంటుంది. ఫలితం ఐదున్నర గంటల తేడా. నెట్ ఉండి ఎన్‌టీపీ సర్దేస్తే సరే. లేకపోతే తమాషా ఏమిటంటే, 330 నిమిషాలు 15 సెకన్లకు సరిగ్గా భాగించబడుతుంది కాబట్టి ఎఫ్‌టీ8 చక్కగా డీకోడ్ అవుతుంది, క్యూఎస్‌ఓలూ అవుతాయి. లాగ్‌లో మాత్రం సమయం తప్పు. ఎల్‌ఓటీడబ్ల్యూ (క్యూఎస్‌ఓలు ధ్రువీకరించే ఆన్‌లైన్ సేవ) రెండు వైపుల సమయాలూ 30 నిమిషాల లోపు ఉంటేనే జత కలుపుతుంది, కాబట్టి ఒక్క కన్ఫర్మేషనూ రాదు. దీన్ని కొత్త వెర్షన్ లాగింగ్ బగ్ అనుకోవడం తేలిక. స్క్రీన్ మీద ఉన్న యూటీసీని ఫోన్‌తో గంటల దగ్గరనుంచి పోల్చండి, సెకన్లు మాత్రమే కాదు.

చిర్ప్, గ్నూ రేడియో

చిర్ప్‌తో నియమం ఒక్కటే: కొత్త బిల్డ్ వేసిన వెంటనే రేడియో నుంచి డౌన్‌లోడ్ చేసి, ఆ ఇమేజ్‌ని ముట్టుకోకుండా సేవ్ చేసి పెట్టుకోవాలి. మార్పులు రెండో కాపీలో. అదే మోడల్ కదా అని స్నేహితుడి రేడియో ఇమేజ్ ఎక్కించొద్దు, ఫర్మ్‌వేర్ వేరైతే మెమరీలో స్థానాలు వేరు. లినక్స్‌లో వీల్ ఫైలుని (పైథాన్ ప్యాకేజీని) పిప్ఎక్స్‌తో, సిస్టమ్ సైట్-ప్యాకేజీలు వాడుకునే ఆప్షన్ ఇచ్చి వేస్తే డబ్ల్యూఎక్స్‌పైథాన్ బిల్డ్ చేసే బాధ తప్పుతుంది.

గ్నూ రేడియోలో (సిగ్నల్ ప్రాసెసింగ్ బ్లాకులు కలిపే పనిముట్టు) 3.7 నుంచి 3.8కి వచ్చినప్పుడు ఫ్లోగ్రాఫ్ ఫైళ్లు ఎక్స్ఎంఎల్ నుంచి యామెల్‌కి మారాయి, 3.9లో పైథాన్ బైండింగులు స్విగ్ నుంచి పైబైండ్11కి మారాయి. బయటి మాడ్యూళ్లన్నీ ఆ వెర్షన్‌కి తగ్గ బ్రాంచ్‌లో ఉండాలి. మెయిన్ బ్రాంచ్ బిల్డ్ చేసి, మాడ్యూళ్లు ఒక్కొక్కటే విరుగుతుంటే ఒక్కొక్కటే అతికించుకుంటూ కూర్చోవడం కంటే రేడియోకొండా లాంటి విడి ఎన్విరాన్‌మెంట్ మేలు.

రిపోర్టు

డెవలప్‌మెంట్ వెర్షన్ వాడేవాళ్లు కట్టే కిరాయి బగ్ రిపోర్టే. "పనిచేయట్లేదు, చూడండి" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కమిట్ హ్యాష్ (కోడ్‌లో ఏ మార్పు దగ్గరి బిల్డో చెప్పే గుర్తు), ఆపరేటింగ్ సిస్టమ్, రిగ్ మోడల్, దాని ఫర్మ్‌వేర్ వెర్షన్, కేబుల్ రకం, తప్పు మళ్లీ రప్పించే అడుగులు, స్థిర వెర్షన్‌లో అదే అడుగులకు ఏమవుతుందో, ఇవన్నీ ఉండాలి. రిగ్ కంట్రోల్ సమస్యకు రిగ్‌సీటీఎల్‌ని ఐదు 'వీ' అక్షరాల ఆప్షన్ (-vvvvv) పెట్టి నడిపి ఆ అవుట్‌పుట్ జత చేయండి; అందులో రిగ్‌కి వెళ్లిన ప్రతి బైటూ, వచ్చిన ప్రతి బైటూ ఉంటాయి. పంపే ముందు ఫైళ్లలో క్యూఆర్‌జెడ్, క్లబ్ లాగ్ సైట్ల పాస్‌వర్డులు లేవని చూసుకోండి, లాగర్ల కాన్ఫిగ్ ఫైళ్లలో అవి ఉండొచ్చు.

"మొన్న పనిచేసింది, ఇప్పుడు పనిచేయట్లేదు" అనే రకం బగ్‌కి గిట్ బైసెక్ట్‌ని మించింది లేదు. పనిచేసిన కమిట్‌ని గుడ్ అనీ, చేయనిదాన్ని బ్యాడ్ అనీ చెబితే మధ్యలోది ఇస్తుంది; బిల్డ్ చేసి, చూసి, ఫలితం చెప్పాలి. మధ్యలో వంద కమిట్‌లున్నా ఏడు బిల్డ్‌లతో తప్పు చేసిన కమిట్ దొరుకుతుంది. సీక్యాష్ (ఒకసారి కంపైల్ అయినవాటిని దాచిపెట్టేది) వేసుకుంటే రెండో బిల్డ్ నుంచి సమయం బాగా తగ్గుతుంది. ఆ ఒక్క హ్యాష్ ఇవ్వగలిగితే డెవలపర్‌కి సగం పని చేసిపెట్టినట్టే. సి భాష రాకపోయినా ఇది చేయొచ్చు.

తీసేసేటప్పుడు

స్థిర విడుదల వచ్చాక టెస్ట్ కాపీ ఉంచకండి. సొంత ప్రిఫిక్స్‌లో వేసి ఉంటే ఆ ఫోల్డర్ చెరిపేస్తే అయిపోయింది. యూజర్-లోకల్‌లో వేసి ఉంటే, బిల్డ్ చేసిన ఫోల్డర్ నుంచే మేక్ అన్‌ఇన్‌స్టాల్. సీమేక్ ప్రాజెక్టుల్లో ఆ టార్గెట్ లేకపోతే బిల్డ్ ఫోల్డర్‌లోని ఇన్‌స్టాల్-మానిఫెస్ట్ ఫైలులో ఇన్‌స్టాల్ అయిన ప్రతి ఫైలు పాత్ ఉంటుంది, వాటిని తీసేసి ఎల్‌డీకాన్ఫిగ్ నడపాలి. బిల్డ్ ఫోల్డర్ ముందే చెరిపేశారా? అదే కమిట్ మళ్లీ తెచ్చి, అదే ప్రిఫిక్స్‌తో ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. చుట్టుదారే కానీ పాత లైబ్రరీ ముక్కలు మిగలవు.

టెస్ట్ పేరుతో ఉన్న డేటా ఫోల్డర్‌ని మాత్రం చూడకుండా చెరపొద్దు. ఆ బిల్డ్‌తో గాలిలో చేసిన నిజమైన క్యూఎస్‌ఓలు అందులోని ఏడీఐ ఫైలులోనే ఉన్నాయి. నల్ సింక్ మీదా డమ్మీ లోడ్ మీదా చేసినవి ఏరి తీసేసి, మిగిలినవి అసలు లాగ్‌లోకి ఇంపోర్ట్ చేసి, ఎల్‌ఓటీడబ్ల్యూకి పంపాక చెరపండి.